కళాసి నడుం పట్టేసిన వానాకాలం

అందరూ ఇలా దగ్గరికి జరగండి. ఆ వల పక్కకి తొయ్యండి, ఇంకో ఇద్దరికి చోటవుతుంది. ఫోన్లో పాటలు కాసేపు ఆపండి, సముద్రం మోత ఎలాగూ ఆగదు. తాతమ్మా, చుట్ట ఆర్పక్కర్లేదు గాని దగ్గు కాస్త అదుపులో పెట్టుకో. సత్యారావన్నా, నువ్వు నా పక్కనే కూర్చో, కాని నోరు మెదపకు. ఈ కథలో నీ అసలు మాట ఒక్కటే, అది ఆఖర్న వస్తుంది. ముందే అనేశావంటే నా కష్టమంతా నీళ్లపాలు.

ఇది మొన్నటి వానాకాలం సంగతి. ఆ ఏడు మన దీవిలో, ఈ మాయాబందర్‌లో వాన ఎలా కురిసిందంటే, జెట్టీ మీద నిలబడి చెయ్యి చాపితే అరచేతిలో చేపపిల్ల పడేది. నమ్మనివాళ్లు నమ్మకండి. నేను మాత్రం ఆ చేపపిల్లల్ని పులుసు పెట్టించుకుని తిన్నాను.

అప్పటికి మా ఇంట్లో నలుగురం. మా అమ్మ తవిటమ్మ, నా పెళ్ళాం చిట్టితల్లి, పోలిరాజుననే నేను, కళాసి. కళాసి అంటే పడవ మీద పనిచేసేవాడని మీకు నేను చెప్పక్కర్లేదు. మావాడికి కాళ్లు నాలుగు, వెనక ఒక తోక, అంతే తేడా. పడవ ముక్కు మీద కూర్చుంటే చేపల గుంపు ఎటుందో ముక్కుతో చూపించేవాడు. సముద్రపు పాయలో, అదే క్రీక్‌లో, మొసలి మునిగి ఉంటే ఒడ్డు మీంచే పసిగట్టేవాడు. అది ఆడదా మగదా అన్నది కూడా మొరుగుడులో తెలిసిపోయేది. ఆడదైతే కాస్త మర్యాదగా మొరిగేవాడు.

వానాకాలం మొదటి వానకే మా ఇంట్లో గొడవ పుట్టింది. అమ్మ పెరట్లో టార్పాలిన్ పరిచి కవళ్ల చేపలు ఆరబెట్టింది. ఆరబెట్టి పక్కింటికి, అంటే ఇదిగో సత్యారావన్న వాళ్లమ్మ, ఈ తాతమ్మ దగ్గరికి, కబుర్లకి పోయింది. మబ్బు పట్టింది. ఇంట్లో కోడలుంది కదా, ఎత్తేస్తుందిలే అనుకుంది అమ్మ. ఆరబెట్టినావిడ గుమ్మం అవతలే ఉంది కదా, ఆవిడే ఎత్తేస్తుందిలే అనుకుంది చిట్టితల్లి. ఎవరూ ఎత్తలేదు. నేను జెట్టీ నుంచి వచ్చేసరికి ఎండిన కవళ్లు నీళ్లలో నాని, ప్రాణం వచ్చి, పెరటి కాలవలో వరసగా ఈదుకుంటూ సముద్రానికి వెళ్లిపోతున్నాయి. ఆఖరి చేప వెనక్కి తిరిగి నన్ను చూసింది కూడా.

అంతే, అత్తాకోడళ్లకి మాటలు పోయాయి. తిట్టుకుంటే బాగుండేది. మా అమ్మ తిడితే ఎదురు జెట్టీలో లంగరేసిన ఓడ కూడా జరుగుతుంది. కాని తిట్టలేదు. ఊరికే మానేసింది. చిట్టితల్లీ మానేసింది. ఇద్దరూ మానేశాక ఇంట్లో ఉప్పు ఎక్కడుందో నాకు తెలియకుండా పోయింది.

మాటలు లేకపోతే ఇల్లు నడవదు కదా. అందుకని కబుర్లు మొయ్యడానికి కళాసిని పెట్టుకున్నారు. అమ్మ వసారాలో కూర్చుని, "ఒరే కళాసీ, కూరలో కారం ఎక్కువైనాదని లోపల సెప్పీ," అనేది. వాడు లేచి, తోకూపుకుంటూ వంటింటి గుమ్మం దాకా వెళ్లి నిలబడేవాడు. వాడు వెళ్లాకే కబురు చేరినట్టు లెక్క. అప్పుడు చిట్టితల్లి వాడికి ఒక ఎండుచేప ముక్క పెట్టి, "రేపు నానొండను, కారం సరిపోద్దని సెప్పు," అనేది. వాడు మళ్లీ వసారాలోకి. అక్కడ ఇంకో ముక్క. రేకుల మీద వాన దంచుతుంటే ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు గాని, కుక్క గుమ్మంలోకి వచ్చిందంటే ఏదో కబురుందని తెలిసేది. వెళ్లి అడిగేవాణ్ని నేనే. చెప్పేది మాత్రం కుక్కకి చెప్పేవారు. నేను కుక్క పక్కన నిలబడి వినేవాణ్ని. ఆ నెలలో మా కళాసి దూడంత లావయ్యాడు.

ఇలా ఉండగా అమ్మ ఒక రోజు తన రేకుపెట్టె సర్దింది. చీరలన్నీ మడిచి పెట్టి, గుమ్మం పక్కన పెట్టింది. బస్సులో రోజంతా పోతే వచ్చే గరాచర్మలో మా చెల్లి భాను కొత్తిల్లు కట్టుకుంది. అక్కడికి పోతానని, ఇక అక్కడే ఉంటానని కళాసితో చెప్పింది. వాడు ఆ కబురు మొయ్యలేదు. ఎండుచేప చూపించినా లేవలేదు. చిట్టితల్లి రోజూ ఆ పెట్టె చుట్టూ ఊడ్చేది గాని, పెట్టెని ఒక్క అంగుళం కూడా జరిపేది కాదు. జరిపితే అది బస్సు వైపు జరుగుతుందని భయపడిందో ఏమో. నాకు మాత్రం అమ్మ లేని ఇల్లు ఎలా ఉంటుందో తలుచుకుంటేనే ఇంజన్ ఆగిపోయిన పడవలా ఉండేది. ఇద్దరికీ విడివిడిగా చెప్పి చూశాను. ఇద్దరూ నన్ను కుక్కతో మాట్లాడుకోమన్నారు.

సరిగ్గా అప్పుడే కళాసి నడుం పట్టేసింది.

ఎలాగంటే, గాలివాన రోజు మా పడవ తాడు తెగింది. పడవ కొట్టుకుపోతోంది. నేను పడవలో ఉన్నాను. వీడు జెట్టీ మీంచి తాడు కొస నోట కరుచుకున్నాడు. అటు పక్క పడవ, ఇంజను, నేను, బంగాళాఖాతం మొత్తం. ఇటు పక్క కళాసి ఒక్కడు. కాళ్లు నేలకి తన్నిపెట్టి వెనక్కి లాగాడు చూడండి, మేం ఒడ్డుకి వచ్చామో, ఒడ్డే మా దగ్గరికి వచ్చిందో ఇప్పటికీ తేలలేదు. పడవ నిలిచింది. మర్నాడు పొద్దున్న వాడు లేవలేదు. వీపు విల్లులా వంగిపోయింది. ముట్టుకుంటే వెన్ను పక్క కండ రాయిలా ఉంది. కుయ్యోమన్నాడు.

నేనూ సత్యారావన్నా చేపల ట్రేలో గోనె పరిచి, వాణ్ని పడుకోబెట్టి, చెరో పక్క పట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. పద్మిని మేడమ్ అని, గట్టి మనిషి. వాడి వీపంతా వేళ్లతో తడిమింది. వెనక కాళ్ల వేళ్లు గిల్లింది. వాడు కాలు లాక్కుంటే, కాళ్లలో స్పర్శ ఉంది, అది మంచి సంగతి అంది. కండలు బిగుసుకుపోయాయి, వాటిని వదులు చేసే బిళ్ళ ఇస్తున్నానంది. వాణ్ని తూకమెయ్యమంది. ఎండుచేపల పుణ్యమా అని కాటా కిర్రుమంది. ఆ బరువుని బట్టి, పొద్దున సగం బిళ్ళ, రాత్రి సగం బిళ్ళ, తిండితో పెట్టమంది. బిళ్ళ పడితే మగతగా ఉంటాడు, కాస్త తూలతాడు, చొంగ కారుతుంది, ఉచ్చ నల్లగా రావచ్చు, దానికి బెదిరిపోవద్దంది. గెంతనివ్వొద్దు, మెట్లెక్కనివ్వొద్దు, ఒక్క చోట పడుకోబెట్టమంది. ఒక పూట మర్చిపోతే రెండు పూటలది కలిపి వెయ్యొద్దంది. ఇవన్నీ హిందీలో చెప్పింది. నేను "జీ మేడమ్" అన్నప్పుడల్లా ఒకటి వింటూ ఇంకోటి వదిలేస్తున్నానని నాకే తెలుస్తోంది.

ఈలోగా సత్యారావన్న జేబులోంచి తన నడుంనొప్పి బిళ్ళలు తీశాడు. ఇది కూడా నడుమే కదా మేడమ్, ఇందులోంచి ఒకటి వేసేద్దామా అన్నాడు. డాక్టరమ్మ ఆ అట్ట తీసుకుని వెనక్కి తిప్పి చదివింది. ఇందులో నొప్పి మందు, జ్వరం మందు కూడా కలిసి ఉన్నాయి, మనిషివి కుక్కకి వెయ్యకూడదు అంది. తరవాత ఆయన మొహంలోకి చూసి, హిందీ ఆపి, వచ్చీరాని తెలుగులో నెమ్మదిగా చెప్పింది.

"పిల్లికి అసలే వద్దు. ఒక్కటి చాలు, చచ్చిపోతాది. సమజ్ గయే?"

సత్యారావన్న ఆ అట్ట తిరిగి జేబులో పెట్టుకుని, అయితే కుక్కది నేనేసుకుంటే అని మొదలుపెట్టాడు. డాక్టరమ్మ తలుపు చూపించింది.

ఇంటికొచ్చి కళాసిని నడవలో పడుకోబెట్టాను. మందు అట్ట కిటికీలో పెట్టాను. మా ఇంటి పద్ధతి ప్రకారం ఎవరి మొహమూ చూడకుండా, పొద్దున సగం, రాత్రి సగం, తిండితో అని వాడికే చెప్పాను. అమ్మ వసారాలోంచి వింది, చిట్టితల్లి వంటింట్లోంచి వింది. విన్నాక అమ్మ వాడి తల నిమిరి, "నీ నడుం బాగైన మర్నాడే నాను బస్సెక్కుతానురా," అంది.

ఇప్పుడు నా ఇరకాటం చూడండి. వాడికి నయం కావాలి. నయమైతే అమ్మ పోతుంది. దేవుడికి దండం పెట్టుకుందామని నిలబడి ఏం అడగాలో తెలియక, వాన తగ్గించమని అడిగి వచ్చేశాను.

సముద్రం పోటుగా ఉన్నన్నాళ్లూ నేను ఇంట్లోనే ఉండి నా చేత్తోనే బిళ్ళ వేశాను. వాడు గురకపెట్టి నిద్రపోయేవాడు. ఒకసారి పెరట్లోకి మోసుకెళ్తే కాలెత్తలేక నిలబడే పోశాడు. నల్లగా, చిక్కగా. పడవలో ఇంజన్ ఆయిల్ తాగేశాడనుకుని పరిగెత్తి డబ్బా చూశాను. డబ్బా నిండుగానే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది డాక్టరమ్మ చెప్పింది. ఈలోగా సత్యారావన్న ఊళ్లో సగం మందికి, పోలిరాజు కుక్క డీజిలు పోస్తోందని చెప్పేశాడు. ఇద్దరు సీసాలు పట్టుకుని వచ్చారు.

తరవాత ఒక పొద్దు తెరిపిచ్చింది. పడవలన్నీ బయల్దేరాయి. నేనూ చీకటుండగానే లేచి, మందు మర్చిపోకండర్రా అని గోడకి చెప్పి వెళ్లిపోయాను.

నేను వెళ్లగానే అమ్మ లేచింది. అన్నంలో చేప పిసికి, ఉండ చేసి, మధ్యలో బిళ్ళ పెట్టింది. సగం కాదు, మొత్తం. కొండలాంటి కుక్కకి సగం బిళ్ళ ఏమూలకని ఆవిడ లెక్క. పెట్టి, మందేసేశానని లోపల చెప్పరా అంది వాడితో. కాని వాడు లేవలేడు కదా. కబురు వాడి దగ్గరే ఉండిపోయింది. వాన మళ్లీ అందుకుంది, రేకులు హోరెత్తాయి. చిట్టితల్లి చూసింది. గుమ్మంలోకి కుక్క రాలేదు, అంటే కబురేమీ లేదు. టీ తాగి, ఆవిడా ఒక ఉండ చేసింది. సగం బిళ్ళ పెట్టింది. అమ్మ అప్పుడు పెరట్లో ఉంది. మందేశానని బయట చెప్పు అని చిట్టితల్లీ వాడితోనే చెప్పింది. ఆ కబురూ వాడి దగ్గరే ఉండిపోయింది. మొదట్లో కవళ్లు ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు బిళ్ళ ఇద్దరూ వేశారు.

నేను తిరిగొచ్చేసరికి కళాసి నడవలో తడిసిన తాడులా పడున్నాడు. నాలుక బయటికి జారింది. చొంగ మడుగు కట్టింది. లేపి నిలబెట్టబోతే నాలుగు కాళ్లూ నాలుగు ఊళ్లకి పోయాయి. పిలిస్తే కనురెప్ప కదిలింది, అంతే. వాడు తోక ఆడించకపోవడం నేను పుట్టాక చూడటం అదే మొదటిసారి.

జనం చేరారు. ఒకరు ఉప్పునీళ్లు పోసి కక్కించమన్నారు, ఒకరు చింతపండు రసమన్నారు, తాతమ్మ చుట్ట పొగ ఊదుతానంది. నేను డాక్టరమ్మకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. నోట్లో నీళ్ల చుక్క కూడా పొయ్యొద్దంది. మగతలో ఉన్నవాడికి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందంది. తరవాత అడిగింది, ఎంత వేశారు, ఎప్పుడు వేశారు, ఎవరు వేశారు అని. నాకేం తెలుసు. సత్యారావన్న వైపు చూశాను. తన బిళ్ళలు తనే మింగేశానని ఆయన ఖాళీ అట్ట చూపించాడు.

అమ్మ నేల మీద కూర్చుని వాడి చెవి దగ్గర వంగింది.

"ఒరే కళాసీ, పొద్దున్నే నానేసీసినానని లోపల సెప్పరా."

వాడు లేవలేదు. ఫోన్లో డాక్టరమ్మ హలో హలో అంటోంది. చిట్టితల్లి వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. అమ్మ ఇంకోసారి వాడి వీపు తట్టింది. తరవాత చెయ్యి తీసేసి, తలెత్తి గుమ్మం వైపు చూసింది.

"సిట్టీ, నువ్వు గాని ఏసినావేటే?"

చిట్టితల్లి గుమ్మం వదిలి ఒకడుగు ముందుకేసింది.

"ఏసినానత్తా. సగం. టీ తాగినాక."

"నాను మొత్తం ఏసీసినానే."

ఫోన్లో డాక్టరమ్మకి మొత్తం వినపడింది. వెంటనే తీసుకురమ్మంది, అట్ట కూడా తెమ్మంది.

ఆటోలో వెనక అమ్మా చిట్టితల్లీ, ఇద్దరి ఒళ్లోనూ పరుచుకుని కళాసి. నేను డ్రైవర్ పక్కన అర పిర్రతో వేలాడుతున్నాను. మొదటి మలుపు దాకా ఇద్దరూ వాడి ఊపిరి లెక్కపెట్టుకున్నారు. రెండో మలుపులో నాకెందుకు చెప్పలేదని చిట్టితల్లి అడిగింది. చెప్పానే అంది అమ్మ. ఎవరితో అంటే వాడితో అంది. వాడు లేవలేని మనిషి కదా అత్తా అంది చిట్టితల్లి. అక్కణ్నుంచి తలుపులు తెరుచుకున్నాయి. టార్పాలిన్, మబ్బు, కవళ్లు, కారం, ఉప్పు, నెలరోజుల మాటలన్నీ ఆ ఆటోలో బయటపడ్డాయి. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఒకేసారి ఏడుస్తున్నారు, మధ్యలో ఇద్దరూ కలిసి నన్ను తిడుతున్నారు. ఆటో బరువెక్కి కొండెక్కనని మొరాయించింది. డ్రైవర్ నా వైపు వంగి, ఏం భయ్యా, కుక్కకా వీళ్లకా బాగోలేంది అని అడిగాడు.

డాక్టరమ్మ వాడికి సెలైన్ పెట్టింది. దుప్పటి కప్పింది. గుండె విని, ఊపిరి చూసి, ఇక కాసుకుని కూర్చోవాలంది. మేం ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం. అమ్మ కొంగు కొస చిట్టితల్లి పట్టుకుంది. పట్టుకున్నట్టు ఇద్దరికీ తెలియదు. నేను చూడనట్టు కిటికీలోంచి వాన చూశాను. పొద్దు వాలుతుండగా బల్ల మీంచి టప్ మని చప్పుడైంది. తోక. ఇంకోసారి టప్. తరవాత వాడు తలెత్తి అమ్మని చూశాడు, చిట్టితల్లిని చూశాడు. పొద్దుటి కబుర్లు రెండూ ఇప్పుడు చెప్పమంటారా అన్నట్టు.

డాక్టరమ్మ మిగిలిన బిళ్ళలు చూపించి, మళ్లీ తను చెప్పేదాకా వెయ్యొద్దంది. ఆ తరవాత కూడా ఇంట్లో ఒక్క చెయ్యే వెయ్యాలి, మొత్తం బిళ్ళ మాటే ఎత్తొద్దు అంది. ఒక్క చెయ్యి ఎవరిదన్న దగ్గర మళ్లీ గొడవ లేచేదే గాని, ఆ రాత్రి ఇద్దరూ కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. బిళ్ళల అట్ట అమ్మ రొంటిన ఉంటుంది. చేప ఉండ చిట్టితల్లే చెయ్యాలి. ఉండ లేకుండా కళాసి బిళ్ళ మింగడు, బిళ్ళ లేకుండా ఉండ పెట్టకూడదు. కాబట్టి మందు పూట వచ్చిందంటే ఇద్దరూ ఒక చోటికి రావాలి, ఇద్దరూ ఆ సగం ముక్కని వెలుతురులో పెట్టి చూడాలి. ఆడవాళ్లు ఇలాంటివి ఎలా కనిపెడతారో నాకు తెలియదు.

ఇంకోటి. వాణ్ని కదలనివ్వొద్దు కదా. నడవకి తలుపు లేదు. అడ్డం పెట్టడానికి ఏముందని వెతికి, అమ్మ తన రేకుపెట్టె లాక్కొచ్చింది. చీరలతో సహా అయితే బరువని, ఒక్కొక్కటీ తీసి మళ్లీ తాడు మీద వేసింది. చిట్టితల్లి చివరి చీర అందుకుని తనే వేసింది. పెట్టె అడ్డం పడుకుంది. గరాచర్మ మాట ఎవరూ ఎత్తలేదు. కొన్నాళ్లకి వాడికి నడుం బాగైంది. మర్నాడు బస్సు హారన్ కొట్టుకుంటూ మా ఇంటి ముందు నుంచే వెళ్లింది. అమ్మ ఆ హారన్‌కి విసుక్కుంది, అంతే.

నష్టపోయింది కళాసి ఒక్కడే. ఉద్యోగం పోయింది. అత్తాకోడళ్లు పొద్దున లేస్తే రాత్రి దాకా ఎదురెదురుగా మాట్లాడుకుంటారు, పోట్లాడుకుంటారు. వాడు పాపం వసారాలోంచి వంటింటికి, వంటింట్లోంచి వసారాకి తిరిగి, కబురేమన్నా ఉందా అని మొహాలు చూస్తాడు. ఎండుచేప లేదు, ఏమీ లేదు. ఒక రోజు ఆరబెట్టిన కవళ్లని మబ్బు పట్టగానే తనే టార్పాలిన్ మీంచి వానలోకి లాగాడు. మళ్లీ గొడవ పెడదామని. నా కళ్లారా చూశాను.

ఆ రోజే కంచెకి అవతల ఈ సత్యారావన్న నిలబడి ఉన్నాడు. చంకలో వాళ్ల పుంజు ఉంది. వెనక వాళ్లింట్లో తాతమ్మ ఒక గదిలో, కోడలు ఇంకో గదిలో, ఇద్దరి మధ్యా గోడ కంటే గట్టి మౌనం. ఆయన మా ఇంట్లో అత్తాకోడళ్ల మాటలు చాలాసేపు విన్నాడు. విని, కళాసిని ఎగాదిగా చూసి, నన్ను చేత్తో దగ్గరికి పిలిచాడు.

"తమ్ముడూ, ఆ బిళ్ళ బలే పన్జేసినాదిరా. మా ఇంట్లో కూడా అత్తాకోడళ్లకి మాటల్లేవు. మాకు కుక్క లేదు గాని, ఈ కోడికేస్తే సరిపోద్దా?"